సాయంత్రాలు నువ్వెక్కడ

జూలై 8

డాక్టర్ శివప్రసాద్ గారు ఈ రోజు కొత్త పని అప్పగించారు. బాన్సువాడ చుట్టుపక్కల మండలాల్లో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలను, పేర్లు రాయించకుండా, కొన్ని ప్రశ్నలు అడగాలి. నిద్ర, తిండి, స్నేహితులు, ఫోన్, గుట్కా, కల్లు, గంజాయి, దిగులు, చేయి కోసుకోవడం, ఇంట్లో మనసు విప్పి మాట్లాడే మనిషి ఉన్నారా లేరా. వచ్చిన జవాబులను లెక్కగట్టి, ఏం చేయాలో ఊళ్లవాళ్లతో కూర్చుని నిర్ణయించాలి.

దవాఖాన కౌన్సిలర్‌గా ఇన్నాళ్లూ బడులకు వెళ్లి నేను చేసింది ఉపన్యాసమే. పాడైన ఊపిరితిత్తుల బొమ్మ చూపించడం, పిల్లలు ముఖం తిప్పుకోవడం, చప్పట్లు, చాయ్. "భయపెట్టింది చాలమ్మా. ఈసారి ముందు విందాం" అన్నారు డాక్టర్.

నర్సు షకీలా, నేను ఊళ్లు పంచుకున్నాం. పిట్లం నేను తీసుకున్నాను. బస్సులు ఎక్కువ, అందుకని.

జూలై 9

మద్నూర్‌కు కూడా బస్సులు ఎక్కువే.

జూలై 13, ఆదివారం

పొద్దున్నే మటన్ తెచ్చి వండాను. జొన్నరొట్టెలు చేశాను. పదకొండు బస్సు వచ్చింది, ఒంటిగంట బస్సు వచ్చింది. నా కూతురు రేఖ రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తింది. "రికార్డులు రాసుకోవాలె, వచ్చే వారం చూస్త" అంది. తెలుగులోనే అంది. పోయిన ఏడాది నేను ఇక్కడ గది తీసుకున్నప్పటి నుంచి నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. మా ఇంటి లంబాడీ మాటలో మాట్లాడితే నన్ను "యాడీ", అమ్మా, అని పిలవాల్సి వస్తుంది.

నా భర్త దేవదాస్ ఉద్యోగమా ఇల్లా అని అడిగిన రోజు నేను సంచి సర్దుకున్నాను. రేఖ బట్టలు కూడా సర్దాను. తను ఆ బట్టలు సంచిలోంచి తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. పిల్ల కదా, కాలేజీ అక్కడ పిట్లంలో, నాయనమ్మ అక్కడ, నెల తిరిగేసరికి వస్తుంది అనుకున్నాను. వస్తుంది.

కూర షకీలా వాళ్లింటికి పంపాను.

ఆగస్టు 5

పిట్లం కాలేజీలో ఈ రోజు సర్వే. ప్రశ్నలు పంచేటప్పుడు తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే పిల్లలు నిజం రాయరు. అందుకే షకీలాను పిలిపించుకున్నాను. లెక్చరర్లందరూ బయటికి వెళ్లాక ఆమె లోపలికి వెళ్లింది. నేను సైకిల్ స్టాండ్ దగ్గర నిలబడ్డాను.

గంట తరువాత షకీలా కాగితాల కట్టతో వచ్చింది. అన్నీ ఒకే కవరులో కలిపేసి సీలు వేశాం.

బస్సులో అడిగాను, "ఎట్లుంది?"

"మంచిగ రాసిన్రు అక్కా, సప్పుడు చెయ్యకుండ."

"అది కాదు."

షకీలా కిటికీ వైపు చూసి మెల్లగా చెప్పింది. "సన్నబడ్డది. జుట్టు కత్తిరించుకున్నది, ఇగో, గీడిదాక. నీ నవ్వే అక్కా. నవ్వలేదు గాని, నవ్వితే నీ నవ్వే ఉంటది."

రేఖ జుట్టు నడుము దాటి ఉండేది. ఆదివారాలు నేనే నూనె పెట్టేదాన్ని.

ఆగస్టు 29

వానలకు రోడ్లు తెగాయి. సర్వే ఆగింది. రేఖ ఫోన్ ఎత్తలేదు. దేవదాస్ మెసేజ్ పెట్టాడు: అందరం మంచిగున్నం.

సెప్టెంబర్ 18

మహమ్మద్ నగర్ బడి కూడా అయిపోయింది. బడి వదిలాక పిల్లలు ఎటు పోతారో చూద్దామని గేటు బయట నిలబడ్డాను. కొందరు ఇంటికి. కొందరు కాలువ గట్టు మీదికి. తండాకు పోయే పిల్లల గుంపు ఒకటి, ఇంట్లో ఎవరూ ఉండరన్నట్టు, తొందర లేకుండా నడిచింది. వాళ్ల వెనక కొంత దూరం నడిచాను. ఒక పాప తిరిగి చూసి "ఎవలు కావాలె మేడం?" అంది.

ఎవరూ అక్కర్లేదన్నాను.

అక్టోబర్ 14

లెక్కలు వచ్చాయి. డాక్టర్ గారు, షకీలా, నేను పొద్దంతా వాటి ముందే కూర్చున్నాం. ఏ బడికి ఎంత అని విడిగా చూపించలేదు, మండలం మొత్తానికి కలిపి చూపించారు. ఏ బడికీ చెడ్డపేరు రాకూడదని.

మొదటి దెబ్బ నాకే. మా ఉపన్యాసాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ గుట్కా విషయంలో తేడా ఏమీ లేదు. షకీలా నవ్వు ఆపుకోలేకపోయింది. డాక్టర్ గారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తేడా కనిపించింది వేరే చోట. సాయంత్రం ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసిన పిల్లలు ఒక వైపు. తెలియని పిల్లలు ఇంకో వైపు. గుట్కా, కల్లు, దిగులు, చేయి కోసుకోవడం, అన్నీ ఆ రెండో వైపే ఎక్కువ. కాలేజీ వదిలినప్పటి నుంచి తల్లిదండ్రులు పొలం నుంచో కూలి నుంచో వచ్చేదాకా ఉండే ఆ కొద్ది సమయంలోనే చాలా జరుగుతోంది. తల్లిదండ్రులు చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోయిన ఇళ్లలో ఆ సమయం నెలల తరబడి సాగుతుంది.

ఇంకో పట్టిక ఉంది. తల్లిదండ్రులు వేరువేరుగా ఉన్న పిల్లలు. నేను దాన్నే చూస్తున్నానని డాక్టర్ గారు గమనించారు. "వేరుగా ఉండటం ఒక్కటే చూస్తే తేడా పెద్దగా లేదు. ఇద్దరిలో ఒక్కరైనా పిల్లల సంగతి తెలుసుకుంటూ ఉంటే చాలు" అన్నారు.

ఒక్కరైనా. దేవదాస్ ఉన్నాడు కదా. ఉన్నాడు.

అక్టోబర్ 15

పట్టిక మళ్లీ చూశాను. ఒక్కరైనా అనే ఉంది.

అక్టోబర్ 30

దీపావళి అయింది. పొద్దున బస్టాండులో తండాల వాళ్లు మూటలు, గిన్నెలు, కొడవళ్లతో కూర్చుని ఉన్నారు. చెరుకుకు పోతున్నారు. చంటిపిల్లలు వాళ్లతో, పెద్దపిల్లలు ఇళ్ల దగ్గర.

చేయాల్సిన పనులు తేల్చాం. బడులు, కాలేజీల పక్కన తంబాకు అమ్మకం ఆపించాలి. సాయంత్రాలు ఆటస్థలం తెరిచి ఉంచాలి, పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా అక్కడ ఉండాలి. తల్లిదండ్రులను పిలిచి ఈ సంగతులన్నీ దాచకుండా చెప్పాలి. మొదలు పిట్లంలో.

పిట్లం కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం దేవదాస్‌ది. అక్కడ ఏం దొరుకుతుందో పిట్లంలో అందరికీ తెలుసు. నేను ఆ ఇంట్లో ఉన్నప్పుడు ఆ గుట్కా పొట్లాల గురించి ఎన్నిసార్లు గొడవ పడ్డామో.

షకీలా అంది, "ఆ దుకాణానికి నేను పోత అక్కా. నువ్వు బయట ఉండు. లేకుంటే పిల్ల ఇగ నీతోని మాట్లాడదు."

సరే అన్నాను.

నవంబర్ 7

వెళ్లాను. నేనే వెళ్లాను. షకీలా పక్క సందులోని దుకాణాలకు వెళ్లింది. రోడ్డు సగం వడ్లు ఆరబోసి ఉంటే అంచు వెంట నడిచాను. దేవదాస్ ఉంటాడు, అతనికి చెప్పి వచ్చేద్దాం, లోపల రేఖ గొంతు వినిపిస్తే వినిపిస్తుంది, అనుకున్నాను.

గల్లా మీద రేఖ కూర్చుని ఉంది. కాలేజీ యూనిఫారం ఇంకా మార్చుకోలేదు. పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండా "ఏం కావాలె?" అంది. తరువాత చూసింది.

"బాపు లేడా?" అన్నాను.

"సామాను కోసం మద్నూర్ పోయిండు."

"రోజూ నువ్వే కూసుంటున్నవా?"

"కాలేజీ అయినంక. అవ్వకు కండ్లు మసకలు."

ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, ఆమె క్లాసు వాళ్లే కావచ్చు. ఒకడు ఏదో అడగబోయి, నన్ను చూసి, చాక్లెట్ అడిగాడు. రేఖ చెయ్యి అలవాటుగా వెనక డబ్బా మీదికి పోయి ఆగింది. చాక్లెట్ ఇచ్చింది. వాళ్లు వెళ్లిపోయారు.

చెవుల దాకా ఉన్న జుట్టు ఆమెకు బాగుంది. ఆ మాట అనాలని నోటిదాకా వచ్చింది.

"నీ పని మీద వచ్చినవా, నాకోసం వచ్చినవా?" అంది.

"పని మీద."

"మరి పని చెప్పు."

చెప్పాను. కాలేజీ దగ్గర ఇవి అమ్మకూడదని, పద్దెనిమిది నిండనివాళ్లకు అమ్మడమూ తప్పేనని, వాళ్లతో అమ్మించడమూ తప్పేనని. దుకాణదారులందరికీ చెప్పినట్టే చెప్పాను. గొంతు బాగానే ఉంది. రేఖ పెన్ను మూత తీస్తూ పెడుతూ వింది.

"బాపుకు చెప్త. ఇంకేమన్న ఉందా?"

"లేదు."

బయటికి వచ్చి గేటు దాకా నడిచాక తెలిసింది, చెప్పులతో వడ్ల మీదుగా నడిచి వచ్చానని. ఆ వడ్ల ఆయన ఏదో అన్నాడు.

ఉంది. ఇంకా ఉంది.

నవంబర్ 8

దేవదాస్ ఫోన్. "పిట్లంల నా దుకాణమే దొరికిందా నీకు?"

"అన్ని దుకాణాలకు పోయినం."

"బిడ్డ ముందట నన్ను దొంగను చేసినవ్. నీ కడుపు చల్లబడ్డదా?"

అతనే పెట్టేశాడు.

నవంబర్ 10

డాక్టర్ గారికి చెప్పాను. అది నా భర్త దుకాణమని, గల్లా మీద ఉన్నది నా కూతురని, పిట్లం పని ఇంకెవరికైనా ఇవ్వమని. ఆయన కాసేపు అద్దాలు తుడుచుకున్నారు.

"మీ ఇష్టం. షకీలా చూసుకుంటుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. మనం దుకాణాలను పట్టుకోవడానికి బయలుదేరామా, పిల్లలను పట్టుకోవడానికా? ఆ అమ్మాయి అక్కడ ఎందుకు కూర్చుందో మీకు తెలుసా?"

నాయనమ్మకు కళ్లు మసకలు అన్నాను.

"అది ఆమె చెప్పింది" అన్నారు.

నవంబర్ 11 – 16

ఏమీ రాయలేదు. రాయడానికేమీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. దుకాణానికి వెళ్లకపోయి ఉంటే ఎత్తేదా అంటే, అప్పుడూ ఎత్తేది కాదు.

నవంబర్ 23, ఆదివారం

పిట్లం కాలేజీ వరండాలో తల్లిదండ్రుల సమావేశం. షకీలా మాట్లాడాల్సింది. పొద్దున ఆమె కొడుక్కి జ్వరం. నేనే వెళ్లాను. జ్వరం మాట నిజమేనా అని షకీలాను రేపు అడగాలి.

ఇంతమంది వస్తారనుకోలేదు. లెక్కలు చెప్పాను. మీ పిల్లలు చెడిపోయారని చెప్పడానికి రాలేదని, వాళ్లే రాసి ఇచ్చిన మాటలు మీకు అందించడానికి వచ్చానని మొదలే చెప్పాను. సాయంత్రాల సంగతి చెప్పాను. అప్పుడు ముందు వరసలోని సాయవ్వ లేచింది. కొడుకూ కోడలూ చెరుకుకు పోతే ముగ్గురు మనవలతో ఆమె ఒక్కతే ఉంటుంది.

"నాకు సదువు రాదు బిడ్డా. గా పోరగాండ్లను ఏమడగాల్నో తెల్వదు. అడిగితె నీకేం తెలుసంటరు."

"సదువు సంగతి అడగకు అవ్వా. యాడికి పోతున్నవ్, ఎవలతోని పోతున్నవ్, ఎప్పుడొస్తవ్. రోజూ అడుగు. విసుక్కున్నా అడుగు. అడిగేటోళ్లు ఉన్నరని వాళ్లకు తెలిస్తే చాలు."

నా నోట్లోంచి తెలుగు ఎంత తేలిగ్గా వచ్చిందో.

వెనక స్తంభం పక్కన దేవదాస్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. చెయ్యి ఎత్తాడు, బడిపిల్లవాడిలా. "నేను అడుగుతనే ఉన్న మేడం. జవాబు చెప్తలేదు. అప్పుడేం చెయ్యాలె?"

కొందరు నవ్వారు. చాలామందికి మేము ఎవరో తెలుసు, వాళ్లు నవ్వలేదు.

"జవాబు చెప్పకపోయినా పక్కన కూర్చోవాలి" అన్నాను. ఎక్కడ చదివానో గుర్తు లేదు. చదవలేదేమో.

బస్టాండు దాకా అతను నా పక్కనే నడిచాడు.

"గల్లా మీద ఎందుకు కూసోబెట్టిన అనుకున్నవ్?" అన్నాడు చివరికి. "అవ్వకు కండ్లు మంచిగనే ఉన్నయ్ మంజులా. బిడ్డ కాలేజీ నుంచి వస్తది, తలుపు ఏసుకుంటది. తింటవా అంటే తినదు. తలుపు అవతల ఏం చేస్తుందో అని నాకు ఫికర్. దుకాణంల కూసుంటే కండ్ల ముందట ఉంటది గదా. ఆడ కూడ మాట్లాడదు. గాని ఉంటది."

నేను బాన్సువాడలో ఫోన్ ముందు కూర్చున్నట్టే ఇతను ఒక మూసిన తలుపు ముందు కూర్చున్నాడు. రేఖ అతని దగ్గర ఉందని నేను ఎంత కుళ్లుకున్నానో. ఆమె ఎవరి దగ్గరా లేదు.

"ఆ డబ్బా తీసెయ్" అన్నాను. "దుకాణం మూసెయ్యమంటలేను. సాయంత్రం ఆమెను గ్రౌండుకు పంపు. నువ్వు గూడ పోయి కూసో."

"నువ్వు?"

"బుధవారాలు నా డ్యూటీ అక్కడ పడ్డది."

ఇంకా ఎవరికీ ఏ డ్యూటీ పడలేదు. రేపు డాక్టర్ గారిని అడగాలి.

నవంబర్ 26

గ్రౌండు తెరిచాం. అబ్బాయిలు గుంపుగా వచ్చి కబడ్డీ గీతలు గీశారు. అమ్మాయిలు ఒక్కరూ రాలేదు.

డిసెంబర్ 3

ఈ రోజూ రాలేదు. కాలేజీలో అమ్మాయిలను అడిగితే కారణం చెప్పారు. బాత్రూముకు తాళం వేసి ఉంటుంది. ఆట అయ్యేసరికి మసకబడితే తండా దారిలో తోడు ఉండదు. ఇంత చిన్న సంగతి అడగాలని మాకెవరికీ తోచలేదు. తాళంచెవి ఇప్పించాం. అమ్మాయిల ఆట ముందు, అబ్బాయిలది తరువాత అని మార్చాం. తండా వైపు వెళ్లేవాళ్లు ఒక గుంపుగా, ఒక పెద్దామె తోడుగా వెళ్లేలా మాట్లాడాం. సాయవ్వ తనే వస్తానంది.

దేవదాస్ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "డబ్బా తీసేసిన" అన్నాడు. "బేరం సగమైంది" అని కూడా అన్నాడు. అవ్వ గల్లా మీద కూర్చుని అన్నీ తనే చూసుకుంటోందట.

రేఖ తలుపు వేసుకుని ఉందట.

డిసెంబర్ 10

రేఖ వచ్చింది. ఆడలేదు. గట్టు మీద బాపుకు ఇటువైపు, నాకు అటువైపు కాకుండా, ఇద్దరికీ దూరంగా కూర్చుంది. బంతి దగ్గరికి వస్తే తిరిగి విసిరింది. వెళ్లేటప్పుడు నా వైపు చూసి తల ఊపింది.

షకీలాకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు.

డిసెంబర్ 17

రాయాలి. వరసగా రాయాలి.

ఆట సగంలో రేఖ వచ్చి నా పక్కన కూర్చుంది. దేవదాస్ సరుకు బండి వచ్చిందని అప్పుడే వెళ్లాడు. చాలాసేపు ఇద్దరం ఆట చూశాం.

"నీకొకటి చెప్త. తిట్టొద్దు. బాపుకు చెప్పొద్దు."

"తిట్టను. బాపుకు చెప్పేది ఉంటే నీకు చెప్పినంకనే చెప్త."

ఆ జవాబును కాసేపు తూచుకున్నట్టుంది. "వానలు తగ్గినంక ఒకరోజు కాలేజీకి పోలేదు. మద్నూర్ బస్సెక్కిన. హైవే మీద దిగిన. మహారాష్ట్ర దిక్కు లారీలు పోతుంటే చూసుకుంట నిలబడ్డ. ఏదో ఒకటి ఎక్కి పోదామనుకున్న. యాడికో తెల్వదు. ఒక లారీ ఆగింది. డ్రైవర్ మరాఠీల ఏదో అడిగిండు. నాకు సమజ్ కాలే. భయమైంది. ఎనక్కి వచ్చిన."

గ్రౌండులో ఎవరో కూత పెడుతున్నారు.

"సాయంత్రం ఇంటికొచ్చిన. బాపు దుకాణంల ఉన్నడు. అవ్వ పండుకున్నది. నువ్వు ఫోన్ చేసినవ్, నేను ఎత్తలే. ఎవ్వలూ అడగలే, పొద్దంత యాడ ఉన్నవని."

నా దగ్గర ఎన్ని మాటలు ఉన్నాయి. శిక్షణలో నేర్పిన మాటలు, ఏళ్ల తరబడి ఇతరుల పిల్లలకు చెప్పిన మాటలు.

"ఆ రోజు అన్నం తిన్నవా?" అన్నాను.

రేఖ నా వైపు తిరిగింది. "అరటిపండ్లు తిన్న" అంది. ఆ మాట పూర్తికాకముందే ఏడుపు వచ్చేసింది. ఒళ్లోకి తీసుకోలేదు, అందరూ చూస్తున్నారని ఆమె సిగ్గుపడుతుంది. భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. ఆమె జరగలేదు.

తరువాత చెప్పింది. లెక్కలు తలకెక్కడం లేదని, ఆ గ్రూపు తనకు వద్దని, సంచిలోంచి బట్టలు తీసుకున్న రోజున నేను ఇంకోసారి అడుగుతాననుకుందని. నేను అడగకుండా బస్సు ఎక్కానని.

"ఇప్పుడు అడుగుతున్న. బాన్సువాడకు వస్తవా?"

"ఇప్పుడు రాను" అంది. "బాపు ఒక్కడే అయితడు. కోపంతోని అంటలేను."

కోపంతో అనలేదు. నాకు తెలిసింది.

లారీ సంగతి బాపుకు తెలియాలని, మనిద్దరం కలిసి చెబుదామని అన్నాను. వద్దంది. తరువాత, నువ్వు పక్కన ఉంటే సరే అంది. దుకాణానికి ఇద్దరం నడిచాం. దేవదాస్ బియ్యం బస్తా దించుతూ విని, బస్తా మీదే కూర్చుండిపోయాడు. తిట్టలేదు. "అడగాల్సి ఉండె" అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు.

నా బస్సు వెళ్లిపోయింది. తరువాతి దాంట్లో వచ్చాను.

డిసెంబర్ 18

డాక్టర్ గారు వచ్చే ఏడాది మళ్లీ సర్వే చేస్తే ఏం మారిందో తెలుస్తుందన్నారు. పిట్లం ఆట గురించి అడిగారు. అమ్మాయిలు వస్తున్నారని చెప్పాను. గ్రూపు మార్చుకునే వీలు ఉందేమో కాలేజీలో కనుక్కున్నాను. వచ్చే ఏడాది మొదట్లో ఉందట.

మిగతాది చెప్పలేదు. ఆ పిల్ల జవాబు ఆ పిల్లదే.

డిసెంబర్ 20, శనివారం

ఈ గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంటుంది. దుప్పటి మార్చాను. ఎందుకు మార్చానో తెలియదు, ఎవరూ పడుకోలేదు. మారుస్తూనే ఉంటాను.

మధ్యాహ్నం డ్యూటీ దిగి బస్టాండుకు వెళ్లాను. పిట్లం బస్సు ఎక్కాను. దుకాణం వెనక ఇంటి గడపలో అవ్వ ఎండకు కూర్చుని ఉంది. "ఇయ్యాల గ్రౌండు లేదు గద, ఏం పని మీద వచ్చినవ్?" అంది.

పనేమీ లేదన్నాను.

లోపల గది తలుపు ఓరగా తీసి ఉంది. రేఖ మంచం నిండా పుస్తకాలు పరుచుకుని చదువుకుంటోంది. తల ఎత్తి నన్ను చూసింది. పుస్తకాలు గోడ వైపుకు జరిపింది, ఒక మనిషి కూర్చునేంత.